ఒక గ్రీకు మాట, నాలుగు గిన్నెల కారియరు

జనవరి 18, ఆదివారం
మధ్యాహ్నం 2.10

దేవునికి స్తోత్రం! ఎట్టకేలకు నా వంతు వచ్చింది.

ఫిబ్రవరి 8న మా గుడిలో మగవాళ్ళ ఆదివారం. ఏడాదికి ఆ ఒక్కరోజు పాస్టరు గారు కింద బెంచీ మీద కూర్చుంటారు. పాటల దగ్గర్నుంచి ప్రసంగం దాకా సంఘంలోని మగవాళ్ళే నడపాలి. ఈసారి ప్రసంగం నాది. అంశం: దర్శనం.

పదకొండేళ్ళ కిందట ఒకసారి ఇచ్చారు. గంటా పది నిమిషాలు మాట్లాడాను. చివరికి మిగిలింది ఇద్దరు. ఒకరు నా భార్య మార్త. రెండోవాడు కీబోర్డు వాయించే ఆయన, అతని వైరు నా కాళ్ళ కింద ఉండిపోయింది కాబట్టి.

ఈసారి అలా కాదు. ఈసారి గ్రీకు! కొత్త నిబంధన అసలు రాసింది గ్రీకులోనే. మనం దర్శనం అని చదివేచోట ఎక్కువగా ఉండే గ్రీకు మాట ‘హొరామా’ అని యూట్యూబులో ఒకాయన చెప్పాడు. దాని లోతెంతో తేల్చి మా సంఘ పెద్దల ముందు పెడతాను.

నాకు 63 ఏళ్ళు. పటమటలో ముప్పై ఒక్క ఏళ్ళు ఉత్తరాలు పంచాను. డాక్టర్ల చేతిరాతలే చదివాను. ఇరవై నాలుగు గ్రీకు అక్షరాలు నాకొక లెక్కా?

21 రోజుల ప్రణాళిక:
1. తెల్లవారి 5కి లేవడం.
2. రోజుకు రెండు గంటలు గ్రీకు.
3. గుడికి తప్ప గేటు దాటకూడదు. పాలు మార్త తెస్తుంది. (మార్తకు ఇంకా చెప్పలేదు.)
4. టీవీ బంద్. ఫోను గ్రీకుకు మాత్రమే.
5. సాయంత్రం పునుగులు బంద్.

6.30
మార్తకు చెప్పాను. గ్రీకు సరే గానీ ఈ అంశం మీద మీకెందుకంత హుషారో నాకు తెలుసు అంది. తెలిస్తే తెలిసింది.

జనవరి 19, సోమవారం
ఉదయం 5.00 అలారం. 5.40 లేచాను. మొదటిరోజు కదా.

సగం అక్షరాలు మా హైస్కూలు లెక్కల మాస్టారు ఎప్పుడో నేర్పేశారు: ఆల్ఫా, బీటా, పై. హాయిగా ఉంది. ఒక్కటే చిక్కు. గ్రీకులో ‘హ’కు అక్షరం లేదట. అచ్చు నెత్తిన చిన్న కొక్కెం తగిలిస్తే అదే హ. హొరామాలో హ అలా వచ్చిందే.

మేడమీద అద్దెకుండే రమాసుందరి గారు దిగి వచ్చారు. కాలేజీలో సంస్కృతం చెప్పి రిటైరయ్యారు. నా అక్షరాల కాగితం చూసి, పది నిమిషాలు ఇస్తారా అండీ అన్నారు. ఇచ్చాను. పాపం, కాలక్షేపం ఉండదు ఆవిడకు.

సాయంత్రం 4.00
డైరీకి అబద్ధం చెప్పి ప్రయోజనం లేదు. ఈ హుషారు మా అక్క వల్ల.

మా అక్క అమలమ్మ నాకంటే ఏడేళ్ళు పెద్ద. గుణదలలో ఒక కతోలిక కుటుంబానికి కోడలై వెళ్ళింది. మరియమాత కొండ ఆమె డాబా మీదకు కనపడుతుంది. ఆరేళ్ళ కిందట, ఫిబ్రవరిలో, గుణదల తిరునాళ్ళ రోజు మిట్టమధ్యాహ్నం నాలుగు గిన్నెల కారియరు పట్టుకుని మా గుమ్మంలో నిలబడింది. ఒళ్ళంతా చెమట. కొండ మెట్ల దగ్గర అమ్మ కనపడిందిరా అంది. మా అమ్మ పోయి అప్పటికి పంతొమ్మిదేళ్ళు.

నేను నవ్వాను. మొక్కు ఉపవాసం, పైన ఎండ, ఆకలికి కళ్ళు తిరిగి ఉంటాయి, పంచదార నీళ్ళు తాగు అన్నాను. అక్క ఇంకేదో చెప్పబోయింది. నా నవ్వు ఆగలేదు. అక్కడితో ఊరుకున్నా బాగుండేది. ఆ ఆదివారం మా గుడిలో మగవాళ్ళ కూడికలో దాన్ని జోకు చేసి చెప్పాను. మంగళవారానికల్లా గుణదల చేరింది. నేను పంచిన ఉత్తరం ఏదీ అంత వేగంగా చేరలేదు.

అక్క ఆ రోజు కారియరు టీపాయి మీద పెట్టి వెళ్ళిపోయింది. మళ్ళీ మా గడప తొక్కలేదు. నేనూ వెళ్ళలేదు. నెలన్నరకు లాక్‌డౌన్ వచ్చింది, మంచి సాకు దొరికింది. ప్రభుత్వం లాక్‌డౌన్ ఎత్తేసింది. నేను ఎత్తలేదు.

కారియరులోవి మాత్రం తిన్నాను. నాలుగు గిన్నెలూ. కారియరు అటక మీద ఉంది.

కాబట్టి సంగతి ఇది: అక్క చూసింది బైబిలు చెప్పే హొరామా కాదని గ్రీకులో రుజువు చేస్తాను. అప్పుడు నేను నవ్వడంలో తప్పు లేదని తేలిపోతుంది.

జనవరి 21, బుధవారం
5.55కి లేచాను. అయినా గొప్పరోజు!

గ్రీకులో కలకు వేరే మాట ఉంది: ఒనార్. యోసేపుకు నిద్రలో దూత చెప్పాడే, అక్కడ వాడింది ఒనార్. హొరామా కాదు. దర్శనం వేరు, కల వేరు. అక్క కొండ మెట్ల మీద కునుకు తీసి ఉంటుంది. కనుక అక్కది ఒనార్. కేసు క్లోజ్. ఇంకా పద్దెనిమిది రోజులు ఉండగానే గెలిచేశాను.

మార్తకు వివరించాను. మీ అక్క తిరునాళ్ళలో, అంత జనంలో, నిలబడి నిద్రపోయే మనిషేనా అని అడిగింది. మార్తకు గ్రీకు రాదు.

సాయంత్రం గెలుపు సంతోషంలో ఆరు పునుగులు. మార్తే తెచ్చింది, నేను గేటు దాటలేదు. అయిదో నియమం పోయింది. మూడోది నిలబడింది.

జనవరి 24, శనివారం
గేటు దాటాను. కారణం: గ్రీకుకు ఎర్రసిరా పెన్ను కావాలి. పెన్నుల కొట్టు పక్కనే పునుగుల బండి ఉండటం నా తప్పు కాదు.

బండి దగ్గర వెంకటప్పయ్య కలిశాడు, మా పోస్టాఫీసులో ఉత్తరాలు ఊళ్ళవారీగా వేరుచేసే పాత సార్టర్. గంటన్నర ఉద్యోగం రోజులు తవ్వుకున్నాం. నీకు అన్నిటికంటే ఒళ్ళుమండే పని ఏదయ్యా అని అడిగాడు. ఆలోచించక్కర్లేదు. మండుటెండలో సైకిలు తొక్కుకుంటూ పోతే కవరు విప్పనైనా విప్పకుండా, వద్దు, తీసుకోను, వెనక్కి పంపెయ్ అనేవాళ్ళు. లోపల ఏముందో చూడొచ్చు కదా. అవతలివాడు ఎంత పని మానుకుని రాశాడో.

గ్రీకు: రేపు.

జనవరి 27, మంగళవారం
నిన్న జెండా పండగ. సెలవురోజు చదువు ఏమిటి?

మొన్న ఆదివారం. ఆదివారం పని చేయకూడదు.

ఈ రోజు థీటా దగ్గర ఉన్నాను. ఎనిమిదో అక్షరం. మేడమీది నుంచి రమాసుందరి గారి గొంతు వినపడుతోంది, గ్రీకులో. ఫోనులో పేజీ పెట్టుకుని వాక్యాలు గడగడా చదివేస్తున్నారు. పది నిమిషాలకని ఇచ్చిన కాగితం ఇంకా వెనక్కి రాలేదు.

జనవరి 29, గురువారం
ఉదయం 10.20. దెబ్బ తగిలింది.

పేతురు సంగతి. నాకు ఆదివారం బడి నుంచీ తెలిసిన కథే. మిట్టమధ్యాహ్నం డాబా మీదికి ప్రార్థనకు ఎక్కుతాడు. బాగా ఆకలేస్తుంది. కింద వంట జరుగుతూ ఉంటుంది. అప్పుడు ఆకాశం నుంచి నాలుగు చెంగులు పట్టి దించిన దుప్పటి, దాన్నిండా జంతువులు. రమాసుందరి గారిని అడిగాను, అక్కడున్న మాట ఏది అని. హొరామా అండీ అన్నారు.

ఆకలి. మిట్టమధ్యాహ్నం. ఎండ. అయినా హొరామాయే. పేతురుకు పంచదార నీళ్ళు తాగమని ఎవరూ చెప్పలేదు.

12.30
పరీక్షించి చూద్దామని టిఫిను మానేసి డాబా ఎక్కాను. అరగంట నిలబడ్డాను. కనపడినవి: రమాసుందరి గారి గుమ్మడి వడియాలు, రెండు కాకులు, దూరంగా మసగ్గా గుణదల కొండ మీది శిలువ. దుప్పటి దిగలేదు. వడియాలు నాలుగు తిన్నాను, పచ్చివే. కాకులు నావైపు అదోలా చూశాయి.

ఫిబ్రవరి 1, ఆదివారం
మూడు రోజులుగా గ్రీకు ముట్టలేదు. కారణాలు:
— శుక్రవారం: కళ్ళజోడు కనపడలేదు. (నెత్తిమీద ఉంది.)
— శనివారం: క్రికెట్. నాలుగో నియమం కూడా పోయింది.
— ఈ రోజు: ఆదివారం.

గుడిలో పాస్టరు గారు ప్రసంగం ఎంతవరకు వచ్చిందని అడిగారు. అద్భుతంగా సాగుతోందండీ అన్నాను. పక్కన మార్త దగ్గింది. ఇంకా ఏడు రోజులు. చేతిలో ఉన్నది: ఏడున్నర అక్షరాలు, ఓడిపోయిన ఒక పాయింటు.

ఇంట్లో ఇంకో సంగతి. మార్త కడిగి బోర్లించిన గోంగూర సీసాకు వేరే మూత ఉంది. మా సీసాలకు ఆకుపచ్చ మూతలు, ఇది నీలం. గుణదల మూత. మార్త నెలనెలా అక్క దగ్గరకు వెళ్తోందని నాకు తెలుసు. నాకు తెలుసని మార్తకూ తెలుసు. ఇద్దరం ఆరేళ్ళుగా పప్పులో గోంగూర వేసుకుని తింటున్నాం.

ఫిబ్రవరి 2, సోమవారం
రమాసుందరి గారు పన్నెండు చీటీలు తెచ్చి చేతిలో పెట్టారు. హొరామా అన్న మాట కొత్త నిబంధన మొత్తంలో పన్నెండుసార్లే వస్తుందట. ఒక్కో చీటీ మీద ఒక్కోచోటు రాశారు: ఎవరు చూశారు, ఎప్పుడు, ఎక్కడ. ‘చూడటం’ అన్న క్రియ నుంచి వచ్చిన మాట అట, చూసినది అని అర్థం. అంతేనా, ఇంకేమీ లేదా అన్నాను. మాట అర్థం నిఘంటువులో అంతే ఉందండీ, వాళ్ళు చూశాక ఏం చేశారో మీరే చూడండి అన్నారు.

చాలా సిగ్గేసింది. ఆవిడ బైబిలు పట్టుకోవడం ఇదే మొదటిసారి.

ఫిబ్రవరి 3, మంగళవారం
ఉదయం 9.00. చీటీలు మంచం మీద పరిచాను. చూసినవాళ్ళ పేర్ల ప్రకారం పేర్చాను. ఏమీ తేలలేదు. పగలు, రాత్రి అని పేర్చాను. కలగాపులగం.

11.00
చేతులే దారి చూపించాయి. ఉత్తరం ఎవరు రాశారో చూసి సార్టింగ్ చేయరు. ఎక్కడికి పోవాలో చూసి చేస్తారు. ముప్పై ఒక్క ఏళ్ళు చేసిన పని అది. అలా పేర్చాను.

అననీయకు దర్శనం. పోవలసింది: తిన్నని వీధి, యూదా ఇల్లు.
కొర్నేలికి దర్శనం. మనుషుల్ని పంపవలసింది: యొప్పే, సముద్రం పక్కన, తోళ్ళపని సీమోను ఇల్లు. ల్యాండ్‌మార్కుతో సహా!
పేతురుకు. కింద ముగ్గురు వచ్చి నిలబడ్డారు, వాళ్ళతో కొర్నేలి ఇంటికి.
మోషేకు. ఐగుప్తు.
పౌలుకు. మాసిదోనియ, అక్కడెవరో సాయానికి పిలుస్తున్నారు.

అడ్రసు లేనివి రెండుమూడు ఉన్నాయి. పక్కన పెట్టాను. సార్టింగులో అలాంటివాటికి ఎప్పుడూ ఒక పెట్టె ఉంటుంది. మిగతావన్నీ ఒకటే దారి. చూసి ఊరుకున్నవాడు లేడు. చూసినవాడు లేవాలి, ఎవరిదో గుమ్మం దాకా పోవాలి, లేదా ఎవరినో పంపాలి.

ప్రసంగం దొరికింది! మార్తను కేకేసి చీటీలు చూపించాను. మార్త అన్నీ చదివింది. పన్నెండూ చదివి, ఒక్క మాటే అడిగింది. “మరి ఆ రోజు వదిన కొండమీది నుంచి నేరుగా ఎవరింటికి వచ్చారండీ?”

12.15
ఫ్యాను కింద కూర్చున్నాను. పదమూడో చీటీ ఒకటి ఉంది, దాని మీద మా ఇంటి అడ్రసు ఉంది. నేను దాన్ని విప్పనైనా విప్పకుండా, గుమ్మంలోనే, వెనక్కి పంపేశాను.

ఫిబ్రవరి 5, గురువారం
గుణదల వెళ్ళలేదు. కారణాలు:
— నిన్న: ఆటోలు దొరకవేమోనని.
— ఈ రోజు: తిరునాళ్ళ పందిళ్ళు వేస్తుంటారు, ట్రాఫిక్.
— మూడో నియమం ప్రకారం నేను గేటు దాటకూడదు. మూడో నియమం ఇంత ఉపయోగపడుతుందని అనుకోలేదు.

అయిదింటికే లేచాను. ఎవరూ లేపలేదు. గ్రీకు చదవలేదు.

ఫిబ్రవరి 6, శుక్రవారం
మార్త స్టూలు వేసుకుని అటకెక్కి కారియరు దించింది. చింతపండు పెట్టి తోమింది. ఆరేళ్ళ మురికి పోయి తళతళలాడుతోంది. పైమూతకు సొట్ట.

నెలనెలా వెళ్తున్నావు కదా, నువ్వే తీసుకెళ్ళి ఇచ్చెయ్ అన్నాను. మార్త కారియరు తుడిచి నా ముందు పెట్టింది. “నా రాకపోకలు నావి. ఇది మీ బట్వాడా.”

ఖాళీ గిన్నె తిరిగి ఇవ్వకూడదు. మా అమ్మ నేర్పిన పద్ధతి. చక్కెర పలుకైనా వేసి ఇవ్వాలి. ఆరేళ్ళకు పలుకు సరిపోదు. మూడు గిన్నెలు మార్త నింపుతానంది: అన్నం, పప్పుచారు, గోంగూర మాంసం. నాలుగోది మీరే చూసుకోండి అంది.

ఫిబ్రవరి 7, శనివారం
సాయంత్రం 5.00

ఉదయం 11కి గేటు దాటాను. నాలుగో గిన్నె పునుగుల బండి దగ్గర నింపాను. ఆటో దిగి ఇంకో ఆటో. గుణదలలో వీధి పొడవునా కొవ్వొత్తుల కొట్లు, లైట్లు కడుతున్నారు. అక్కకు చెప్పడానికి మూడు వాక్యాలు బట్టీపట్టాను. ఒకదాంట్లో గ్రీకు కూడా ఉంది.

అక్క వరండాలో చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. మోకాళ్ళకు పట్టీలు. తల ఎత్తింది. నావైపు కాదు, కారియరువైపు చూసింది.

“మూతకు సొట్ట పెట్టావు” అంది. ఆరేళ్ళలో మొదటి మాట.

మూడు వాక్యాలూ ఎగిరిపోయాయి. మెట్టు మీద కూర్చున్నాను. “అక్కా, ఆ రోజు అమ్మ ఏం చెప్పింది?”

అక్క నాలుగు కాయలు ఒలిచింది. ఇప్పుడెందుకురా అంది. ఆ రోజు నిన్ను చెప్పనివ్వలేదు కదా అన్నాను.

“ఏముంది, అమ్మ ఎప్పుడూ చెప్పేదే. తమ్ముడు ఒక్కడే కూచుని తింటున్నాడు, పోయి వడ్డించు అంది. కొవ్వొత్తి కూడా వెలిగించలేదురా నేను. దిగి వచ్చేసి, ఇంట్లో వండినవి సర్దుకుని ఆటో ఎక్కాను.”

ఇక్కడొక సంగతి రాయాలి. ఆ రోజు మార్త ఇంట్లో లేదు. భీమవరంలో మా అమ్మాయికి ముందే నొప్పులు వచ్చాయని తెల్లవారుజామున కబురొస్తే అప్పటికప్పుడు వెళ్ళింది. నేను ఎవరికీ చెప్పలేదు. అక్కకు అసలు చెప్పలేదు. బట్వాడా మధ్యలో ఇంటికొచ్చి, గిన్నెలోనే ఆవకాయ అన్నం కలుపుకుని తింటుంటే తలుపు చప్పుడైంది. ఎడమచేత్తో తీశాను. ఎంగిలిచేత్తో నిలబడి నవ్వాను.

ఏడ్చాను. దాచేదేముంది. తప్పయిపోయింది అక్కా అన్నాను. అక్క చిక్కుడుకాయల పళ్ళెం నా ఒళ్ళోకి తోసింది. ఇద్దరం ఈనెలు తీశాం. తరవాత కారియరు విప్పి, పునుగులు మెత్తబడ్డాయిరా అంటూనే అన్నీ తినేసింది.

ఫిబ్రవరి 8, ఆదివారం
మధ్యాహ్నం 1.15

ప్రసంగం తొమ్మిది నిమిషాలు. సంఘ చరిత్రలో రికార్డు అన్నారు పాస్టరు గారు.

హొరామా అన్న మాట ఒకసారే పలికాను. కొక్కెం పెట్టి సరిగ్గానే పలికానని వెనక వరసలో రమాసుందరి గారు తల ఊపారు. చీటీల సంగతి చెప్పాను. తరవాత ఇలా అన్నాను. “ఆరేళ్ళ కిందట ఈ గుడిలోనే మా అక్క గురించి ఒక జోకు చెప్పాను. మీరంతా నవ్వారు. అది సగమే. మిగతా సగం నాకు నిన్ననే తెలిసింది.” ఆ సగం చెప్పాను. ఎవరూ లేచి వెళ్ళలేదు.

బయట ఒక పెద్దాయన పట్టుకున్నారు. ఏమయ్యా మాణిక్యం, ఇంతకీ మీ అక్కది నిజంగా దర్శనమేనంటావా అని. ఏమోనండీ, నాకు తెలియదు, అడ్రసు మాత్రం సరిగ్గానే ఉంది అన్నాను.

ఫిబ్రవరి 12, గురువారం
ఉదయం 7.30

నిన్న గుణదల తిరునాళ్ళు. అక్క మోకాళ్ళు కొండెక్కనివ్వవు. కింది మెట్టు మీద కూర్చోబెట్టి, ఆ రోజు ఆమె వెలిగించని కొవ్వొత్తి నేను పైకి తీసుకెళ్ళి వెలిగించాను. మా సంఘ పెద్దలు చూస్తే ఏమంటారో అని భయం వేసింది. చూశారు కూడా. ఇద్దరు అక్కడే మిరపకాయ బజ్జీలు తింటున్నారు. వాళ్ళు నన్ను చూడనట్టు నటించారు, నేను వాళ్ళను.

దిగి వచ్చేసరికి అక్క జనం వంక చూస్తూ కూర్చుంది. మళ్ళీ కనపడిందా అని అడిగాను. లేదురా, ఇంక రావాల్సిన పనేముంది అంది.

సరే. గ్రీకు. ఇప్పటికీ థీటా దాటలేదు. ఇది సిగ్గుచేటు. ఈ రోజు నుంచి మళ్ళీ మొదలు!

21 రోజుల ప్రణాళిక (రెండోది):
1. ఉదయం 5కి లేవడం. (రేపటి నుంచి.)
2. రోజుకు అరగంట. గురువు: రమాసుందరి గారు. దక్షిణ: ఆవిడ వడియాలకు కాకుల కాపలా.
3. గేటు దాటకూడదు. — కొట్టివేశాను.
4. టీవీ బంద్, క్రికెట్ తప్ప.
5. పునుగులు శనివారాలే. రెండు పొట్లాలు, ఒకటి గుణదలకు.

నిన్న ఆటో ఎక్కుతుంటే అక్క కారియరు నా చేతిలో పెట్టింది. నాలుగు గిన్నెలూ నిండుగా. రాత్రి మార్తా నేనూ తిన్నాం, పొద్దున్నే కడిగేశాను. ఖాళీగా తిరిగి ఇవ్వకూడదు కదా, ఎల్లుండి శనివారం ఏదో ఒకటి నింపి తీసుకెళ్ళాలి. ఈసారి అటక ఎక్కించలేదు, గుమ్మం పక్కన చెప్పుల స్టాండు మీదే పెట్టాను.